గోడలో సున్నం

మేస్త్రీ టైటస్ పక్క స్థలంలో మిషనుతో పునాది గుంత తవ్వించిన మూడో రోజే, వాణ్ణి చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి లాక్కొచ్చాను. చర్చిలో ఇచ్చిన క్యాలెండరు పక్కకు జరిపి పగులు చూపించాను.

"చూడరా, నీ మిషను అదురుకు గోడ ఎట్టా నోరు తెరిచిందో! తుపానొస్తే నా నెత్తినే పడతాది."

"దానికి ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్పాలా అవ్వా?"

"ప్రార్థన మనవి చేసినానురా. నీ పేరు చెప్పలా. పక్క స్థలం మేస్త్రీ అన్నాను, అంతే."

మర్నాడు పొద్దున్నే టైటస్ సిమెంటు, తాపీ పట్టుకుని వచ్చాడు. పగుల్లో వేలు పెట్టి చూశాడు. వేలు తెల్లగా బయటికొచ్చింది.

"కొత్త పగులైతే లోపల ఎర్రగా ఇటుక కనపడాల. దీంట్లోకి సున్నం ఎట్టా వచ్చిందవ్వా?"

నేను క్యాలెండరు దుమ్ము దులిపాను. "నీ మిషనుకు బెదిరి, పైనున్న సున్నం లోపలికి దూరినట్టుందిరా."

 వాడు నన్ను చూసి నవ్వుకుంటూ పగులు నిండా సిమెంటు కూరాడు.

వాడు వెళ్లాక మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పాను. ఆ పగులుకు పన్నెండేళ్లు. ఏటా క్రిస్మస్‌కు సున్నం పూసి, జనవరిలో కొత్త క్యాలెండరు తగిలించేదాన్ని. మైపాడు సముద్రం వైపు మబ్బు పడితే చాలు, ఒకటే ప్రార్థన చేసేదాన్ని.

"ప్రభువా, పక్క స్థలంలోకి ఎవరో ఒక మేస్త్రీని పంపు."