చీమ పాట

"పిచ్చుక ఇంకా రాలేదేం?" కవిగారు నాలుగోసారి వీధిలోకి తొంగిచూశారు. పిల్లల కోసం ఆయన ఏ పాట రాసినా మొదట వినేది బుక్‌బైండరు కూతురు పిచ్చుకే.

సొంత కూతురికి ఒళ్లు మండిపోయింది. "నాకెప్పుడూ చదవవేం నాన్నా?"

"నువ్వు ఏది విన్నా బాగుందంటావు తల్లీ. పిచ్చుకైతే, నచ్చకపోతే మొహం మీదే ఆవలిస్తుంది."

"ఈసారి నిజమే చెప్తా, చదువు."

ఆయన చదివారు.

"ఏం బాలేదు," అందా పిల్ల మూతి ముడుచుకుని. పిచ్చుక మాటేనా చెల్లేది!

కవిగారు కాగితం చించి కుంపట్లో పడేశారు. బడిపుస్తకాలు అచ్చువేయించే దొరగారికి సాయంత్రం ఇవ్వాల్సిన పుస్తకంలో ఆఖరి పాట అదే.

ఆ పిల్ల కుంపటి దగ్గరికి పరిగెత్తింది. "అబద్ధమాడాను నాన్నా! పాట బాగుంది. ‘సిరాబుడ్డిలో చీమ పడింది, కాగితమంతా కథ రాసింది...’" ఏడుస్తూనే, ఒక్క మాట పొల్లుపోకుండా చివరిదాకా పాడేసింది.

కవిగారు బిత్తరపోయి చూశారు. గబగబా కలం అందుకుని, "మళ్లీ చెప్పు, మెల్లగా," అన్నారు.

అంతలో పిచ్చుక గుమ్మంలోకొచ్చింది. "కొత్త పాటేదీ మావయ్యా?"

"ఉండమ్మా," అన్నారాయన తలెత్తకుండానే. "అమ్మాయి చెప్తోంది, రాసుకుంటున్నాను."

కూతురు కళ్లు తుడుచుకుని గొంతు పెంచింది.