పిచ్చి ఉత్తరాల సొరుగు

శుక్రవారం నాలుగింటికి విశ్వశాస్త్ర విభాగం మొత్తం టీ గదిలో చేరింది. టీ కోసం కాదు. ప్రొఫెసర్ ఆల్డస్ పిచ్చి ఉత్తరాలు చదివే రోజది.

ఆల్డస్ తెలియని ఇల్లు ఇంగ్లండులో లేదు. విశ్వం ఎలా పుట్టిందో టీవీలో చెబుతాడు. ఏడాదికో పుస్తకం తెస్తాడు. పొద్దస్తమానం మొహానికి పౌడరేసుకుని కెమెరా ముందుండే మనిషి అవన్నీ ఎప్పుడు రాస్తాడో దేవుడికే తెలియాలి. సొంతంగా ఒక లెక్క చేసి పదిహేనేళ్లయింది. ఆ మాట ఎవరూ పైకి అనరు.

అలాంటివాడికి దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు వస్తాయి. 'గురుత్వాకర్షణ అబద్ధం, నేను నిరూపించాను' అనే రకం. వాటికో సొరుగుంది. వారానికొకటి తీసి, రాసినవాడి పేరు కనబడకుండా మడిచి ఆయన చేతికిస్తారు. అది ఆ విభాగం మర్యాద. ఆయన చదివి, అందరినీ నవ్వించి, ఎర్రసిరాతో తీర్పు రాసి సంతకం పెడతాడు.

ఇవాళ ఇచ్చే వంతు టామ్సిన్‌ది. ఆయన దగ్గరే డాక్టరేటు చేసింది. ఉద్యోగానికి ఆయన సిఫారసు ఉత్తరం కావాలి. గడువు ఈ సాయంత్రమే. నిన్న ఆ పిల్ల ఆయన రాతలో ఒక తప్పుందని ఆయనతోనే అంది.

"నా తప్పు పట్టే మొనగాడు ఇంకా పుట్టలేదమ్మాయ్. నా సంతకం లేకుండా ఉద్యోగం ఎలా వస్తుందో చూస్తా," అన్నాడాయన.

ఇప్పుడు మడిచిన కాగితం అందించి నిలబడింది.

"ఓహో! ఈ మధ్య పిచ్చోళ్లు కూడా చక్కగా టైపు చేస్తున్నారే! వినండి. 'విశ్వం మొదట్లో ఒకచోట పేలింది. అక్కణ్ణుంచి గెలాక్సీలు ఖాళీలోకి రాళ్లలా ఎగిరిపోతున్నాయి. ఆ నడిమధ్యకు మనం కాస్త పక్కన ఉన్నాం.'"

గది గొల్లుమంది.

"ఒకచోటట! ఒరే నాయనా, జరిగింది ఒకచోట కాదురా, అంతటా! చోటే రబ్బరులా సాగుతోంది. మొదటి ఏడాది విద్యార్థికి తెలుసీ సంగతి. ఇక నడిమధ్య ఎక్కడుందో? వీడి వంటింట్లోనా?"

"సొరుగులో పడెయ్యమంటారా?" అంది టామ్సిన్.

"ఆగు, తీర్పు ఇవ్వద్దూ?" ఎర్రకలం తీశాడు. 'దీన్ని రాసినవాడికి భౌతికశాస్త్రంలో ఓనమాలు రావు. ఎవరూ అచ్చువేయకూడదు.' కింద బారెడు సంతకం.

నవ్వులు ఇంకా ఆగలేదు. ఆ ఊపులో ఆయనే మర్యాద మరిచాడు.

"మడత విప్పమ్మా. ఈ మహానుభావుడి దర్శనం చేసుకుందాం."

టామ్సిన్ కాగితం అందుకుని, విప్పి అందరికీ కనబడేలా పట్టుకుంది: కాగితం నెత్తిన ఆల్డస్ పేరూ, సోమవారం అచ్చుకు వెళ్లబోయే ఆయన కొత్త పుస్తకం పేరూ, వాటి పక్కన నిన్నటి తేదీతో 'ప్రతి మాటా నేనే రాశాను, సరిచూశాను' అంటూ అదే బారెడు సంతకం.