కాకి ముట్టని పిండం

గాలి బాగాలేని రోజున మా ఊళ్లో ఇళ్ల తలుపులన్నీ కాకి బాబాయే మూస్తాడు. ఒకప్పుడు గోడల మీద పోస్టర్లలో నిలబడి, చెత్త తగలబెట్టవద్దని పిల్లలకు చెప్పిన మునిసిపాలిటీ కాకి బొమ్మే. ఇప్పుడు ప్రతి గుమ్మం పైనా కూర్చుని, ఎవరైనా గడియ మీద చెయ్యి వేస్తే దగ్గి, దాన్ని ఇంకా బిగిస్తాడు. ఈసారి తలుపు మూసి పదకొండు రోజులైంది.

ఈ రోజు అమ్మ తద్దినం. మధ్యాహ్నం దాటకుండా పిండం డాబా మీద పెట్టి కాకిని పిలవాలి.

"బాబాయ్, ఒక్క నిమిషం తియ్యి నాయనా," అని బతిమాలాను.

"ఖళ్ ఖళ్! బయట గాలి మంచిది కాదు," అన్నాడు.

"బాబాయీ కాకే కదండీ! ఆయనకే పెట్టేయండి," అంది నా భార్య సుభద్ర.

నవ్వొచ్చింది. కానీ వేరే దారి ఏముంది? పిండం ఉన్న విస్తరాకును ఎత్తైన స్టూలు మీద పెట్టి, గుమ్మం కేసి చూస్తూ "కావ్ కావ్" అని పిలిచాను. బొమ్మ ముట్టదని తెలిసీ ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం.

"అత్తయ్యకు ఏదో కోరిక మిగిలిపోయిందండీ. తీరుస్తానని మాటివ్వండి, ముట్టుకుంటాడు," అంది సుభద్ర. ఈసారి ఆమె నవ్వలేదు.

చివరి నెలంతా అమ్మ అడిగింది ఒక్కటే, తలుపు తీసి కాసేపు అరుగు మీద కూర్చోబెట్టమని. అప్పుడూ తలుపు మూసే ఉంది.

చేతులు జోడించి, "తీస్తానమ్మా," అన్నాను.

కాకి బాబాయి ముక్కు తెరిచాడు.

"ఇంట్లోనే ఉండండి. క్షేమంగా ఉండండి."

ఆ మాట నాతో అన్నాడో, అమ్మతో అన్నాడో తెలియలేదు.