ఇంటి దిండు

మెరెటె తమ ఊరు స్వెన్బోర్గ్ నుంచి రైల్లో మొగుడు ఐవిన్ దిండును ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

అది లేనిదే ఐవిన్‌కు నిద్ర పట్టదు. సెలవులకు వెళ్ళినా బట్టలకంటే ముందు దాన్నే సర్దుతాడు.

నిన్ననే అతని తలలోంచి కణితి తీశారు. కణితి పోయింది, కణతల పోటు మిగిలింది.

మంచం తలవైపు ఏటవాలుగా లేపి ఉంది. మెడ నిటారుగా, ముక్కు సూటిగా, పాస్‌పోర్టు ఫొటో దిగుతున్నవాడిలా ఉన్నాడు ఐవిన్.

"తలగడ లేకపోతే తల ఎలా గడుస్తుందే?" అని గొణిగాడు.

మెరెటె దిండు మడిచి తలకింద దోపింది. అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

అంతలో కాఫీ బండి తోసుకుంటూ పసుపు కోటు పెద్దాయన వచ్చాడు. కోటు మీద హోల్గర్ అని పేరు. రోగులకు కాఫీ పోసి, కబుర్లు చెప్పి పోయే జీతం లేని కొలువు. రోగి మీద చెయ్యి మాత్రం వెయ్యకూడదు, అది రూలు.

కాఫీ పొయ్యకుండానే ఆయన ఐవిన్ తల ఎత్తి దిండు లాగేశాడు.

"మెడ వంగితే తలలో నెత్తురు కిందికి దిగదమ్మా. వాపు పెరుగుతుంది."

"మీరు డాక్టరా?"

"కాదు."

"నర్సా?"

"కాదమ్మా."

"అయితే కాఫీ పొయ్యండి."

పోశాడు. కాఫీ కంటే ఎక్కువగా మెరెటె మరిగింది. నేరుగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళి, కోటాయన మా ఆయన మీద చెయ్యి వేశాడని చెప్పింది. దిండు ఊసెత్తలేదు. తిరిగొచ్చి దాన్ని మళ్ళీ దోపింది.

హెడ్ నర్సు హోల్గర్‌ను పిలిచి మర్యాదగానే మందలించింది. ఆయన వెళ్తూ వెళ్తూ సిస్సెల్ అనే నర్సుతో, ఏడో గది ఒకసారి చూడమ్మా అన్నాడు.

సిస్సెల్ వెళ్ళేసరికి ఐవిన్ గడ్డం గుండెలకు ఆనింది. పిలిస్తే పలకడం లేదు. పక్కనే మెరెటె, పాపం, నిద్ర చెడుతుందని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

దిండు తీశారు, మెడ సరిచేశారు, స్కానింగుకు పరుగెత్తారు, వాపు తగ్గే మందు ఎక్కించారు. సాయంత్రానికి ఐవిన్ కళ్ళు తెరిచి, నా దిండేదీ అన్నాడు. మెరెటె నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు ఆమె కేకు పట్టుకుని హోల్గర్ కోసం వార్డంతా వెతికింది.

"ఆయన ఇక రారు. రూలు తప్పాను, తప్పు నాదే అని నిన్ననే కోటు తిరిగి ఇచ్చేశారు," అంది సిస్సెల్.

"డాక్టరు కాదు, నర్సు కాదు. మరి ఆయనకు ఇదంతా ఎలా తెలుసు?"

సిస్సెల్ గొంతు తగ్గించింది.

"తొమ్మిదేళ్ళ కిందట ఆయన భార్యకూ ఇక్కడే కణితి తీశారు. మర్నాడు వాపొచ్చి ఆవిడ చనిపోయింది. డాక్టర్లెవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆవిడకు ఇంటి నుంచి దిండు తెచ్చి పెట్టింది మాత్రం ఆయనే."