గుండిగ అతుకు

"ఈ గుండిగ పొయ్యి మీదికి ఎక్కియ్యకు, బిడ్డా."

దారిన పోయే ముసలమ్మ మాటకు కంచరి నర్సింహులుకు చిర్రెత్తుకొచ్చింది. గాంధారిలో మర్నాడు పెళ్లి. మూడు వందల మందికి పప్పు వండే రాగి గుండిగ అది. బండి వాకిట్లో సిద్ధంగా ఉంది.

"ఏమైందవ్వా?"

"అడుగు అతుకు ఊడుతది."

ఎల్లారెడ్డిలో నర్సింహులు అతుకుకు వంక పెట్టినవాడు లేడు. పంతంకొద్దీ గుండిగ నిండా నీళ్లు పోయించాడు. చుక్క కారలేదు.

"చూసినవా?"

"నీళ్లకు ఆగుతది. మంట మీద బరువుకు ఆగది."

నీళ్లు పారబోశాక ఆమె వేలి కణుపుతో అతుకు చుట్టూ తట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది.

"ఈడ మోగుతలేదు. ఇత్తడి పారేటందుకు చల్లిన వెలిగారం లోపల్నే చిక్కింది. కరిగిన ఇత్తడి పైపైనే పారింది, సందులకు దిగలే."

"నువ్వెన్ని గుండిగలు చేసినవేంది?"

"ఒక్కటి గూడ చెయ్యలే."

నర్సింహులు పకపకా నవ్వాడు. "అయితే నీ తొవ్వ నువ్వు పట్టు."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పొయ్యి కాడికి పిల్లల్ని రానియ్యద్దని చెప్పు. గంతే."

ఆ మాట నర్సింహుల్ని నిలవనీయలేదు. గుండిగ బండెక్కించబోయి ఆగాడు. ఉలి తెచ్చి, ఆమె వేలు ఆగిన చోటే అతుకు విప్పాడు.

లోపల జానెడు మేర నల్లగా ఉంది. ఇత్తడి జాడే లేదు. వెలిగారం గాజు పెంకులా గడ్డకట్టి ఉంది.

ఇరవై ఏళ్లుగా కొలిమి ముందు కూర్చున్నా, పైన తట్టి లోపలి సంగతి చెప్పే విద్య తనకు అబ్బలేదు. ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. ఆమె పోయిన కామారెడ్డి బాటకు పరుగెత్తాడు. బాట పొడుగునా ఎవరూ లేరు.

మలుపులో ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి వేసే సిరాజుద్దీన్ కనిపించాడు.

"సిరాజన్నా, ఒక అవ్వ పోయింది, చూసినవా? ఏ కంచరోళ్ల ఇంటి మనిషో, గంత విద్య నేనేడ చూడలే."

"రామవ్వనా? బండెక్కి పోయింది. కంచరోళ్లు గాదు, నర్సన్నా, కూలి మనిషి."

"మరి గీ విద్య ఎట్లొచ్చింది?"

సిరాజుద్దీన్ భుజం మీది సంచి కిందికి దించాడు.

"పన్నెండేండ్ల కింద ఓ పెండ్లిల గుండిగ అడుగూడి, కాగే పప్పు మీద పడి ఆమె ఒక్కగానొక్క బిడ్డ సచ్చిపోతే, ఆ ఊడిన అతుకు ముక్క కొంగుల కట్టుకొని, ఇది ఎందుకూడిందో చెప్పుమని కొలిమి కొలిమికీ తిరిగింది."