లేటుగా పడే గేరు

"వేసినా. చూడు, కదుల్తాండాదా?" అన్నాడు గోపన్న, లివరును డీలోకి లాగి.

ఆటోమేటిక్ కారు కదల్లేదు. పక్కసీట్లో కూర్చున్న లేవి అనే ఎర్రగుంట్ల మెకానిక్ చెవి ఒగ్గి విన్నాడు. కాసేపటికి కారు బద్ధకంగా ముందుకు పాకింది.

"కొన్నప్పట్నుంచీ ఇంతేనన్నా," వెనక సీట్లోంచి అంది గోపన్న కూతురు నాగజ్యోతి. "నిన్న రైలుగేటు కాడ వెనకనుంచి లారీ గుద్దినంత పని చేసింది. ఈపొద్దు దీని సంగతి తేలకపోతే అమ్మేస్తా. నాయన ఇంక బండి తోలేది లేదు."

గోపన్న బతుకంతా సిమెంటు లారీ తోలిన మనిషి. స్టీరింగు కూడా పోతే ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోవాలి. చావుకన్నా దానికే ఎక్కువ భయపడుతున్నాడు. ఆ భయం బయటపడకుండా మీసం సవరించుకున్నాడు.

లేవి ఇంజను ఆపించి బానెట్ ఎత్తాడు. గేరు ఆయిలు ఎర్రగా, నిండుగా ఉంది. కాలిన వాసన లేదు. కారు కింద దూరి లివరు కేబుల్ లాగి చూశాడు. బిగువుగానే ఉంది. ఇంత జరుగుతున్నా గోపన్న సీటు దిగలేదు. పాత లారీ డ్రైవర్లకు ఈ జబ్బు మామూలే, బండిని ఒకరి చేతికివ్వరు. లేవికి చిర్రెత్తింది గానీ, పెద్దాయన కదా అని ఊరుకున్నాడు.

మళ్లీ పక్కసీట్లోకి వచ్చాడు.

"ఈసారి లివరు నేనేస్తా. నేను అన్న వెంటనే బ్రేకు ఇడిసిపెట్టు."

డీలో వేశాడు. "ఇడువు!"

కారు టక్కున కదిలింది. రివర్సులో వేశాడు. అంతే చురుగ్గా వెనక్కి పోయింది.

"ఇప్పుడు నువ్వెయ్యి."

గోపన్న వేశాడు. మళ్లీ అదే ఆలస్యం. ఈసారి లేవి లివరును చూడలేదు. పంచె అంచు కింద, బ్రేకు మీదున్న కుడికాలి చెప్పునే చూశాడు.

"లోపం గేరులో లేదు పెద్దాయనా. గేరు పడినాక కూడా బ్రేకు తొక్కిపట్టినావు. ఎందుకు?"

"క్లచ్చు ఇడవద్దా?"

"దీనికి క్లచ్చు యాడుండాది?"

"లేదని తెలుసప్పా. అయినా ఎడమకాలు తొక్కుతాండాది. అది మెల్లగా పైకి లేసేదాకా ఈ కాలు బ్రేకు ఇడవదు."

లేవి గట్టిగా నవ్వేశాడు. "ఇంతేనా! లారీ తోలినోళ్లందరికీ ఉండే తిప్పలే. ఆ ఎడమకాలు మడిచి సీటు కిందికి పెట్టుకో. నాలుగు రోజుల్లో మరిసిపోతాది. బండి అమ్మే పనే లేదమ్మా."

నాగజ్యోతి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఎట్లా పెట్టాల్నో చూపిస్తా," అంటూ లేవి దిగి, అటువైపు వచ్చి డ్రైవరు తలుపు తెరిచాడు.

గోపన్న అతని మొహంలోకి చూశాడు. "నేనూ శానా సార్లు చెప్పి చూసినానప్పా. ఇనదు," అంటూ పంచె పైకి జరిపాడు.

మోకాలి కింద ఎడమకాలు లేదు.