తీసేసిన మాటలు

స్టేజీ మీద నాటకం నడుస్తుంటే, ముందు వరుసలో ఒక ముసలాయన కుర్చీ వెనక్కి తిప్పుకుని జనాన్ని చూస్తూ కూర్చున్నాడు.

పక్క తెర చాటు నుంచి చూసిన దర్శకుడికి ఒళ్ళు మండింది.

అసలే ఆ నాటకానికి రోజులు బాగాలేవు. తెర దిగకముందే జనం లేస్తున్నారు. పేరుకి విషాద నాటకమే కాని, అసలు విషాదం టికెట్ల కౌంటర్ దగ్గర నడుస్తోంది.

"ఆదివారం కూడా హాలు నిండకపోతే మూటాముల్లె సర్దుకో," అని హాలు యజమాని తేల్చేశాడు.

దర్శకుడికిది తొలి నాటకం. ఇది పోతే రెండోది ఇచ్చేవాడు లేడు.

ఆట అయ్యాక ముసలాయన్ని పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, మెడ పట్టేసిందా? నాటకం ఇటువైపు!"

"నాటకం నాకు తెలుసు నాయనా. చూసేవాళ్ళని చూస్తున్నాను."

"చూసి ఏం తేల్చారు?"

"తల్లి పోయేదాకా ఎవరూ కదల్లేదు. కొడుకు శవం పక్కన మాటలు మొదలెట్టగానే కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నారు. ఆ మాటలు తీసెయ్."

దర్శకుడు అదిరిపడ్డాడు. కీర్తిశేషుడైన ఎంతో పెద్ద రచయిత నాటకం అది. ఆ మాటల్ని కుర్రకారు కంఠతా పట్టి పోటీల్లో కప్పులు కొట్టుకుపోతారు.

"ఈ నాటకానికి ప్రాణమే అవి!"

"తల్లి ప్రాణం పోయాక ఇంకో ప్రాణం దేనికి? వాడు ఊరికే నిలబడితే చాలు."

"అంత పెద్దాయన రాతకి కత్తెర వెయ్యడానికి మీరెవరు, దర్జీనా?"

"యూనివర్సిటీలో నాటకం పాఠాలు చెప్పేవాణ్ణి."

"ఓహో, పంతులుగారా! మార్కులు వెయ్యడానికి ఇది క్లాసు కాదండీ."

ముసలాయన మొహం చిన్నబోయింది.

"రాసినవాడే ఏడ్చేశాడు బాబూ. ఇక చూసేవాళ్ళు ఏడవడానికి ఏం మిగిలింది?"

దర్శకుడు గేటు దగ్గరి మనిషిని కేకేశాడు. "ఈయన్ని మళ్ళీ లోపలికి రానివ్వకు!"

ముసలాయన గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం నాటికి హాల్లో జనం కన్నా కుర్చీలే శ్రద్ధగా నాటకం చూస్తున్నాయి. గత్యంతరం లేక దర్శకుడు ఆ మాటలు తీసేయించాడు.

కొడుకు ఊరికే నిలబడ్డాడు.

ఎక్కడో ఒకావిడ వెక్కింది. ఆ పూట ఒక్కరూ లేవలేదు.

శనివారం సగం హాలు నిండింది. పెద్దాయన వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టమని దర్శకుడు గేటు మనిషికి చెప్పాడు. ఆయన రాలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఆట అయ్యాక రచయితగారి భార్య స్టేజీ వెనక్కి వచ్చింది.

"ఆ మాటలేవీ?"

దర్శకుడు చేతులు జోడించాడు. "క్షమించండమ్మా. ఎవరో యూనివర్సిటీ పంతులుగారు తీసెయ్యమన్నారు. కనబడితే కాళ్ళు పట్టుకుందామని చూస్తున్నాను."

ఆవిడ అక్కడున్న చెక్కపెట్టె మీద కూలబడింది.

"ఇంకెక్కడ కనబడతాడు? మొన్న గురువారం నిద్రలోనే పోయాడు."

దర్శకుడు తెర సందులోంచి ముందు వరుస వైపు చూశాడు.

"మా ఆయన నాటకాలన్నీ ఆ పంతులుగారి చేతిలో పడి బాగుపడ్డవే. పగలు యూనివర్సిటీలో పాఠం, సాయంత్రం మా ఇంట్లో కోత. ఆ పనికేదో పేరుంది, డ్రామటర్జ్ అట. నాకు నోరు తిరక్క కోతలరాయుడనేదాన్ని. పోస్టరు మీద పేరు వేస్తామంటే అదీ కోసేసేవాడు."

"అయినా రచయితగారి మాటలు తీయించడానికి ఆయనకి మనసెలా ఒప్పిందమ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"అవి మా ఆయన రాసినవి కావు నాయనా, తన కన్నతల్లిని కాటికి సాగనంపి వచ్చిన సాయంత్రం ఆ పంతులుగారే రాసుకొచ్చి ఇచ్చాడు."